చేపల పులుసు మీద కావాలని రాసిన తప్పు

మా నెల్లూరు వంటల ఫోరంలో కొన్నాళ్లుగా ఎవరూ ఏమీ రాయడం లేదు. దాన్ని నడిపే అల్లూరు శారదక్క, ఈ నెలాఖరుకి మూసేస్తానని నిన్న చెప్పింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఒకప్పుడు పొద్దున్నే ఫోరం తెరిస్తే, పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలన్న వాదులాట చదివేలోపు నా కాఫీ చల్లారిపోయేది. అలా పోట్లాడుకుంటూనే అందరం దగ్గరయ్యాం.

అది తలుచుకుని, ఉప్పు కూడా కొలిచి వేసే నేను ఈ రోజు పొద్దున కావాలనే ఒక తప్పు రాశాను: "చేపల పులుసు దించగానే తినెయ్యాలి. మర్నాటికి రుచి పోతుంది."

మధ్యాహ్నానికల్లా, ఏళ్లుగా కనిపించని వాళ్లంతా వచ్చి నన్ను తిట్టారు. చిల్లకూరు రమణమ్మత్త అయితే, "ఏమ్మే, నువ్వు నెల్లూరులోనే పుట్టినావా? రాత్రి వండి పొద్దున తింటేనే అది పులుసు!" అని రాసింది. ఒకాయన వాళ్లమ్మ పులుసు వండిన మట్టిదాక ఫొటో పెట్టాడు. దాని కింద మళ్లీ మామిడికాయ గొడవ మొదలైంది.

సాయంత్రం శారదక్క ఫోన్ చేసింది.

"మా ఇంటికొస్తే నిన్నటి పులుసే కావాలని అడిగి తింటావు గదే! ఇదేం రాత?"

"నువ్వు మూసేస్తానంటివి గదక్కా."

అక్క, "ఎవరికీ చెప్పబాక. ఈ గొడవ తేలేదాకా మూయనులే" అంది.

మా ఫోరం వాళ్లెవరూ ఇక్కడ లేరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను. రేపటికి గొడవ చల్లారితే ఇంకే వంట మీద తప్పు రాయాలో మీరే చెప్పండి.