లచ్చమ్మ పెట్టని బూడిద

బన్సీలాల్‌పేట్‌లో ఒకప్పుడు మంత్రసాని లచ్చమ్మ చేతి మీద పుట్టని పిల్లలు తక్కువ. అత్త దగ్గర నేర్చుకున్న పని. కొడవలితో బొడ్డు కోసి, పిడకల బూడిద అద్ది, గుమ్మానికి వేపమండ కట్టేది. బిడ్డ వెనక పడే మాయను పెరట్లో పాతేది. ముర్రుపాలు పిండి పారబోయించి, బిడ్డ నోట్లో ఆముదం చుక్క వేసేది. పురుడు వెళ్ళేదాకా తల్లీబిడ్డలకు ఆమే నీళ్ళు పోయాలి. పురుడు వెళ్ళి ఇల్లు కడుక్కున్నాక మాత్రం ఆమెను గడప లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. చేటలో బియ్యం, ఒక పాత చీర అరుగు మీదే పెట్టేవాళ్ళు.

ఆమెకూ ముగ్గురు కొడుకులు పుట్టారు. ముగ్గురి బొడ్డూ అత్తే కోసింది. ముగ్గురూ పురుడు వెళ్ళకముందే దవడలు బిగుసుకుని, ఒళ్ళు విల్లులా వంగిపోయి చనిపోయారు. పక్షి నీడ పడ్డదన్నారు. లచ్చమ్మ కడుపే మంచిది కాదని మొగుడు జంగయ్య మరొకతెను తెచ్చుకున్నాడు.

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో జ్ఞానమణి అనే నర్సు ఉండేది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు. ఒక కష్టమైన కాన్పు దగ్గర ఇద్దరూ కలిశారు. లచ్చమ్మ బూడిద తీయబోతే జ్ఞానమణి చెయ్యి పట్టుకుని ఆపింది. పేడలో ఉండే విషం బూడిదతో పాటు పచ్చి బొడ్డులోకి పోతుందనీ, పిల్లల దవడలు బిగుసుకునేది దానివల్లేననీ చెప్పింది. లచ్చమ్మకు కోపం వచ్చింది. పెద్దల నాటి పద్ధతికి వంకలు పెట్టడానికి నువ్వెవరని గట్టిగానే అడిగి వచ్చేసింది. కొన్నాళ్ళకు తనే లాలాగూడకు నడిచివెళ్ళి ఆ క్వార్టరు మెట్ల మీద కూర్చుంది.

"అమ్మా, నా పోరగాళ్ళను సుత ఆ బూడిదే తిన్నదా?"

జ్ఞానమణి వచ్చి ఆమె పక్కన మెట్టు మీదే కూర్చుంది. "అయ్యుండొచ్చు లచ్చమ్మా" అంది.

లచ్చమ్మ అక్కడ ఏడవలేదు. తన కొడుకుల కంటే, తన చేత్తో బూడిద అద్దిన ఇంకొకరి పిల్లలే దారి పొడుగునా గుర్తొచ్చారు. ఆ తర్వాత కొడవలి ముట్టలేదు. కొత్త బ్లేడునూ దారాన్నీ మసిలే నీళ్ళలో వేసి తీసేది. బూడిద అడిగిన ముసలమ్మలకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. పిల్లలు బతికారు. లచ్చమ్మ హస్తవాసి మారిందన్నారు గానీ, ఎట్లా మారిందని ఎవరూ అడగలేదు.

యూనియన్ మిలిటరీ షోలాపూర్ దిక్కు నుంచి నిజాం మీదికి కదిలిందని కబురు వచ్చిన రోజే, వడ్రంగి ఇంటి కోడలు సత్తెమ్మకు నొప్పులు షురూ అయ్యాయి. దుకాణాలు మూతపడ్డాయి. రజాకార్ల భయానికి వాడంతా తలుపులు బిగించుకుంది. లచ్చమ్మ సందుల్లోంచి పోయి కాన్పు చేసింది. మగపిల్లాడు. సత్తెమ్మ అత్త శారదమ్మ గిన్నెలో బూడిద పట్టుకుని నిలబడింది.

"వద్దమ్మా. బొడ్డు దానంతట అదే ఎండుతది" అంది లచ్చమ్మ.

"ఊరంతా ఆగమైతుంటే నువ్వు ఉన్న ఆచారం సుత తీసేస్తవా?" అంది శారదమ్మ.

లచ్చమ్మ గిన్నె అందుకుని దూరంగా పెట్టింది. ఉతికిన గుడ్డ కట్టి, దాన్ని విప్పొద్దని సత్తెమ్మకు మరీ మరీ చెప్పి వచ్చింది. గొడవలకు భయపడి తర్వాతి రోజుల్లో ఆ ఇంటికి పోలేకపోయింది.

నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పాక, బిడ్డకు నీళ్ళు పోయడానికి బయలుదేరింది. మిలిటరీ ట్రక్కులు తిరుమలగిరి వైపు పోతున్నాయి. జనం పూలు చల్లుతున్నారు. ఇంట్లో పిల్లాడు రొమ్ము పట్టడం లేదు. గుడ్డ విప్పితే బొడ్డు చుట్టూ బూడిద పేరుకుని ఉంది. లచ్చమ్మ సత్తెమ్మ వైపు చూసింది. సత్తెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పిల్లాడు పోయాడు. లచ్చమ్మ సరైన వేళకు బూడిద పెట్టనందుకే పక్షి నీడ పడ్డదనీ, కిరస్తానీ నర్సు మాటలు విని చెడిపోయిందనీ శారదమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది. జరిగింది చెప్పాలని లచ్చమ్మ నోరు తెరిచింది. మనవణ్ణి పోగొట్టుకున్న మనిషికి, నీ చేత్తోనే పోయాడని ఎట్లా చెప్పాలి? అది వింటే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆ తడబాటులోనే ఎవరో ఆమెను బయటికి నడవమన్నారు.

మళ్ళీ ఏ ఇంట్లోనూ ఆమెను కాన్పుకు పిలవలేదు. బూడిద పెట్టే మంత్రసానిని పక్క ఊరి నుంచి తెచ్చుకున్నారు. ఆ పిల్లలు కొందరు బతికారు, కొందరు బతకలేదు. లచ్చమ్మ ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. మైల గుడ్డలు ఉతకడం, నేల కడగడం. కాన్పు గదిలోకి రానివ్వరు.

సత్తెమ్మ రెండో కాన్పుకు ఆ ఆసుపత్రికే వచ్చింది. ఆడపిల్ల, ఆరోగ్యంగా ఉంది. వార్డులో ఎవరూ లేనప్పుడు సత్తెమ్మ లచ్చమ్మ కొంగు పట్టుకుంది.

"అవ్వా, అత్త బూడిద పెడుతుంటే నేను చూసిన. చెప్పలే."

"నాకెర్కే. ఇప్పుడు చెప్తవా, నలుగుర్ల?"

సత్తెమ్మ తల దించుకుంది. మళ్ళీ ఆ ఇంటికే పోవాలి గదా అంది.

లచ్చమ్మ కొంగు విడిపించుకుంది. సత్తెమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ మంచం పనిని ఇంకో ఆయాకు అప్పజెప్పింది.