పిన్ని ఇచ్చిన ముక్క

ఆసుపత్రి సెల్లార్‌లో, కిటికీ లేని గదిలో, పిన్ని ఇరవయ్యారేళ్లుగా పనిచేస్తోంది. నిజానికి ఆమె అక్కడ ఎవరికీ పిన్ని కాదు. అయినా జబ్బు తేల్చి చెప్పే డాక్టరమ్మ మొదలు నేల తుడిచేవాళ్ల దాకా అందరూ అలాగే పిలుస్తారు. రోగుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కలు ముందు ఆమె చేతికే వస్తాయి. వాటిలోని నీరు లాగేసి, ఘాటైన ద్రావకమైన జైలీన్‌లో ముంచి, మైనం పట్టించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు అద్ది గాజు పలక మీద పెడుతుంది. జబ్బేదో డాక్టరమ్మ దాన్ని చూసి చెబుతుంది.

ఆ జైలీన్ మహా పాడుది. తలనొప్పి, కళ్లమంట, చేతుల నిండా పగుళ్లు. గాలి లాగే ఫ్యాను చెడి రెండేళ్లయినా బాగుచేసే నాథుడు లేడు. పిన్నికి వాసన తెలియడం ఏనాడో పోయింది. కూర మాడితే మొగుడు వచ్చి చెప్పాల్సిందే. "మా ఇంట్లో ముక్కు ఆయనది, నోరు నాది" అని నవ్వేది.

పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయికి నెల తప్పాక మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది. "కడుపులో బిడ్డ కూడా ఇదే పీల్చాలా? దీనికి బదులు ఇంకోటి లేదా డాక్టరమ్మా?" అని పిన్ని నిలదీసింది.

డాక్టరమ్మ వెతికి వెతికి ఘాటు లేని ఒక నూనె తెప్పించింది. కసాయి కొట్టునుంచి తెచ్చిన కాలేయం ముక్కతో మొదలుపెడితే ఆదిలోనే హంసపాదు. మైనం లోపలికి పట్టక, కత్తి కింద పొడిపొడిగా రాలింది. తప్పు పిన్నిదే. జైలీన్‌కిచ్చే గంట సమయమే దీనికీ ఇచ్చింది. ఇరవయ్యారేళ్లు అలవాటైన చెయ్యి, చెబితే వింటుందా! నూనెను గోరువెచ్చగా ఉంచి, మూడింతల సమయం ఇచ్చాక దారికొచ్చింది.

"కాలేయం సరే పిన్నీ. మనిషి ముక్క మీద చూడకుండా ఎలా మార్చను? పాడైతే మళ్లీ కోస్తామా వాళ్లని?" అంది డాక్టరమ్మ.

పిన్నికి మెడ పక్కన ఒక గడ్డ ఉంది. ఆరు నెలలుగా ఇవాళా రేపూ అంటూ నెట్టుకొస్తోంది. ఆ వారంలోనే తీయించేసుకుంది. మెడకు కట్టుతోనే గడ్డ ఉన్న సీసా పట్టుకుని సెల్లార్‌లోకి దిగింది.

"సగం జైలీన్‌లో, సగం నూనెలో. ఒప్పుకుంటూ సంతకం కూడా పెట్టేశాను."

"మీ ముక్కతోనా పిన్నీ?"

"జబ్బు చెప్పడానికి సగం చాలదూ? నాది నేనిస్తే ఎవరికేం?"

మూడో రోజుకు రెండు పలకలూ తయారయ్యాయి. మైక్రోస్కోపులో ముందు పిన్నే చూసింది. ఇన్నేళ్లు చూసిన కళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అది మామూలు గడ్డ కాదు, క్యాన్సరు. కాసేపు కుర్చీలో కూర్చుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. ఆ తర్వాత మొహం కడుక్కుని పలకలు పట్టుకుని పైకి వెళ్లింది.

డాక్టరమ్మ రెండింటినీ మార్చి మార్చి చూసింది. ఎంతకీ తలెత్తలేదు.

"తేడా ఉందా?" అంది పిన్ని.

"లేదు. రెండింట్లోనూ ఒకటే కనిపిస్తోంది పిన్నీ..." డాక్టరమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది.

"తెలుసమ్మా, చూసే తెచ్చాను. నూనెలోదీ తేటగానే ఉందిగా? అయితే ముందు ఆ జైలీన్ డబ్బాలు బయట పెట్టించండి. నా సంగతి తర్వాత మాట్లాడుకుందాం."