గడప దగ్గర పేరు

ఈ ఉదయం ఓటు వేసి వచ్చాను. వేలి మీద సిరా ఆరింది కానీ, టీ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చినప్పుడల్లా ఆ ఘాటు వాసన తగులుతూనే ఉంది. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది గెలిచినవాళ్ళెవరూ కాదు. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిశాక వచ్చిన మొదటి శాసనసభ ఎన్నికల్లో నిలబడి, నలుగురు అభ్యర్థుల్లో నాలుగో స్థానంలో మిగిలిన అనంతమ్మక్క.

ఆమె మా పక్కింటావిడ. భర్త విఠలయ్య పోయాక, గంజ్ బజారు వెనుక గల్లీలో ఆయన పేరు మీదున్న కిరాణా దుకాణం తానే నడిపేది. పేరంటాలకు ఆమెను పిలిచేవారు కాదు. ఊరికే ఎవరింటికైనా పోయినా, పొద్దున్నే ఎదురైందని ముఖం ముడుచుకునేవారు. సరుకులకు మాత్రం అందరూ ఆమె దగ్గరికే పోయేవారు, తూకం సరిగ్గా ఉంటుందని. ఆమె నామినేషన్ వేసిందని తెలిసిన రోజు మా అత్త దుకాణం ముందు నిలబడి అడిగింది.

"ఏమమ్మా అనంతమ్మా, బెంగుళూరు పోయి బెల్లం అమ్ముతవా?"

"గెలిస్తె గద వదినా. నువ్వయితె రెండు శేర్లు ఇప్పుడే తీస్కపో, మళ్ళ దొరకది."

అంతకుముందు ఎన్నికల్లో జరిగినదే ఆమెను నిలబెట్టింది. అప్పుడు మా గల్లీ ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని బూత్ దాకా పోయారు. జాబితాతో సరిచూసుకోవడానికి గుమాస్తా భర్త పేరు అడిగాడు. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా నమ్మకం. ఒక్కరూ నోరు విప్పలేదు. ఓటు వేయకుండానే తిరిగి వచ్చారు.

"దానికి నువ్వు నిలవడుడెందుకక్కా? చెప్తె సాలదా?" అన్నాను.

"ఊర్కె పోతె నన్నెవలు ఇంట్లకు రానిస్తరు పిల్లా? కాండిడేటంటె పీట యేస్తరు."

నిజంగానే వేశారు. మూడు వారాలు ఆమె ఇల్లిల్లూ తిరిగింది, చిమ్కోడ్ ఊరి దాకా నడిచే పోయింది. వీలైనప్పుడల్లా నేనూ వెంట పోయేదాన్ని. మిగతా అభ్యర్థులకు దండలు వేసి బొట్టు పెట్టేవారు. ఆమెకు పీట, చెంబెడు నీళ్ళు. తనకు ఓటు వేయమని అడగడం నేను ఒక్కసారి కూడా వినలేదు. "కోడలుగ వచ్చిన్నాడు ఆడిబిడ్డ గడపకడ్డం నిలవడితె మొగని పేరు చెప్పిండ్రు గద? బూతుకు గూడ గడప ఉంటది. గక్కడ ఒక్కపారి చెప్పుండ్రి. ఎవలికన్న యేస్కోండ్రి," అనేది.

మా ఇంట్లో మా అత్త ఒప్పుకోలేదు. "నా కొడుకు పేరు నలుగురు మగోళ్ళ ముంగట చెప్తదా నా కోడలు? వానికేమన్నయితె నువ్వు తెచ్చిస్తవా?"

అనంతమ్మక్క పీట మీద నుంచి లేవలేదు.

"గడప దగ్గర చెప్పిందే, వదినా. మళ్ళ పద్నాలుగేండ్లు ఆయన పేరు నోట్లకు రానియ్యలే. అయినా పోయిండు. ఇప్పుడు దుకాణం పేరని పొద్దుందాక చెప్తున్న. పలికెటోళ్ళు లేరు."



పోలింగు సోమవారం. మావారు బుధవారమనేవారు, అది తప్పు. నాకు ఇరవై రెండేళ్ళు, అదే నా మొదటి ఓటు. వరుసలో నా వెనుకే మా అత్త. గుమాస్తా తలెత్తకుండా "గండన హెసరు?" అని భర్త పేరు కన్నడంలో అడిగాడు. రేపు ఆయనకు జ్వరం వచ్చినా ఆ ఇంట్లో నా బతుకేమిటి? కళ్ళు మూసుకుని "నాగభూషణం" అన్నాను. వెనక్కి తిరిగే ధైర్యం లేకపోయింది. అంతలో మా అత్త గొంతు వినిపించింది. గుమాస్తా అడగకముందే, వరుసంతా వినపడేలా, మా మామ పేరు చెప్పింది.

ఆ రోజుల్లో తెర వెనుక అభ్యర్థికొక పెట్టె ఉండేది. తక్కెడ బొమ్మ అతికించినది అనంతమ్మక్కది. నా కాగితం అందులో వేశాను.

ఫలితం తెలిసిన మర్నాడు మా అత్త దుకాణానికి పోయి ఆమె మొహం మీదే చెప్పింది. "నీ డబ్బల యేయలే అనంతమ్మా."

"యేసినవు గద," అంది ఆమె, బెల్లం తూస్తూనే.

ఆ తరువాత ఆమెకు ఎవరూ పీట వేయలేదు. ఆమె ఇక కాండిడేటు కాదు. మళ్ళీ నిలబడనూ లేదు. ఒకసారి చక్కెర పొట్లం కట్టిస్తూ, "ఆ మూడు వారాలు మస్తుగుండె పిల్లా. అందరిండ్లల్ల కూసున్న," అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. దుకాణం తలుపులు మూతపడే రోజు దాకా ఒక్కతే గల్లా దగ్గర కూర్చుంది.

మావారు ఆ సోమవారం తరువాత నలభై ఆరేళ్ళు బతికారు. ఆ లెక్క నేను మనసులో ఉంచుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఆయన పేరు పలికినా వినేవాళ్ళు లేరు.

ఈ ఉదయం బూత్‌లో ఒక అమ్మాయి నా కార్డు చూసి, నా పేరు చదివి, వేలు చాపమంది. భర్త పేరు అడగలేదు. వేలు చాపే ముందు నేనే చెప్పాను, వరుసంతా వినపడేలా. అది అక్కర్లేదని ఆ అమ్మాయి కన్నడంలో నెమ్మదిగా చెప్పింది.

తెలుసన్నాను.