వైరు కలపకముందే ఆగిన మోటారు

దయ్యాలు, ఆత్మలు అంటే నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్లను ఆటపట్టించేవాణ్ణి. ప్రాణహిత ఒడ్డున, మరాఠీ రాష్ట్రం కిందికొచ్చే సిరొంచలో నాకు మోటార్లు, స్టార్టర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. తీరిక దొరికినప్పుడు, టీచరుగా పనిచేసే ఒక మిత్రుడితో కలిసి అడవి ఊళ్ల బడులకు పోయేవాణ్ణి. నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారడం, అగ్గిపెట్టె లేకుండా మంట పుట్టడం లాంటి బాబాల మాయలు పిల్లల ముందు చేసి, తర్వాత గుట్టు విప్పేవాళ్లం. "బాబా ముఖం చూడకండి, చెయ్యి చూడండి" అనేది నా మాట. మరాఠీలో చెప్పి, నాకొచ్చిన నాలుగు గోండీ ముక్కలు కలిపేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొడితే నేను ఉబ్బిపోయేవాణ్ణి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నన్ను తాయెత్తులు కట్టుకునే మనిషిగా లెక్కగట్టొద్దని. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఇది రాస్తుంటే నాకు భయం వేయడం లేదు, సిగ్గేస్తోంది. అందుకే ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లు మార్చాను.

మా దిక్కు ఫోనుతో నడిచే మోటారు స్టార్టర్లు అంతగా పనికిరావు. పొలాల దగ్గర సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. అందుకని నేను రేడియో రిమోట్‌లు బిగిస్తాను. రిమోట్ రైతు చేతిలో ఉంటుంది. స్టార్టర్ డబ్బాలో చిన్న రిసీవర్ ఉంటుంది. రిమోట్ నొక్కితే రిసీవర్ అందుకుంటుంది, దానికీ స్టార్టర్‌కూ నడుమ పెట్టే రిలే అనే చిన్న స్విచ్చు మోటారును నడుపుతుంది, ఆపుతుంది. ఆపడానికైతే ఎర్ర బటన్‌కు పోయే వైరును తెంపి, ఆ రిలే గుండా తిప్పాలి. అది చెయ్యకుంటే రిసీవర్‌లో దీపం మినుకుమంటుంది, అంతే. మోటారు దాని పాటికి అది తిరుగుతూనే ఉంటుంది.

పోయిన ఎండాకాలం రాజవ్వ తన కొడుకు సమ్మయ్యను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. ప్రాణహిత ఒడ్డున వాళ్లకు వరి పొలం ఉంది. అంతకుముందు వానాకాలంలో ఆమె భర్త మోటారు వేయబోయి, తడి చేత్తో పాత ఇనుప డబ్బా ముట్టుకుని అక్కడే పోయాడు. డబ్బా మార్చారు గానీ ఆమె భయం పోలేదు.

"ఇంకెవ్వలు ఆ డబ్బ ముట్టద్దు బిడ్డా. దూరంకెల్లే నడ్వాలె, దూరంకెల్లే బంద్ గావాలె" అంది.

కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకును మోచేత్తో పొడిచింది. మా దిక్కు ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. మనిషి పోయినా పలకరు. సమ్మయ్యే చెప్పాడు.

బిగించే రోజు పంతులు చెప్పిన గడియ ఉంది. పొలం దగ్గర చుట్టాలు, పక్క మడి మల్లయ్య, అందరూ చేరారు. కొత్త డబ్బాకు పసుపు, కుంకుమ పెట్టారు. నేను రిసీవర్ బిగించి, దానికి కరెంటు ఇచ్చి, ఏరియల్ తీగ పైకి తీశాను. రిలే కోసం సంచిలో చెయ్యి పెడితే లేదు. దుకాణంలో బల్ల మీద మరిచిపోయి వచ్చాను. సిరొంచకు పోయి వచ్చేసరికి గడియ దాటిపోతుంది.

మరిచిపోయానని చెబితే అయిపోయేది. నలుగురి ముందు నామోషీ అనిపించింది. రిమోట్ రాజవ్వ చేతికిచ్చి, నేను డబ్బా తలుపుకు భుజం అడ్డం పెట్టి నిలబడ్డాను. కొబ్బరికాయ పగిలింది. ఆమె రిమోట్ నొక్కింది, రిసీవర్‌లో దీపం వెలిగింది, నేను లోపల బొటనవేలితో పచ్చ బటన్ నొక్కాను. మోటారు నడిచింది, పైపులోంచి నీళ్లు దూకాయి, అందరూ అటు తిరిగి ఈలలు వేశారు. బడుల్లో ఏ మాయల గుట్టు విప్పుతూ తిరిగానో, అలాంటిదే అక్కడ నేను చేశాను.

పోతూ పోతూ సమ్మయ్యను పక్కకు పిలిచి, జర సెట్టింగ్ మిగిలింది, రేపొచ్చి చేస్తా, అప్పటిదాకా చేత్తోనే వెయ్యి అన్నాను. ఎవరూ ముట్టొద్దని ఆమె బతిమాలిన డబ్బానే ఆమె కొడుకు చేత ముట్టించాను. ఆ రేపు రాలేదు. ఇవాళ పాతగూడెంలో పని, రేపు ఇంకెక్కడో పని అనుకుంటూ జరిపాను. రిలే మాత్రం సంచిలోనే వేసుకుని తిరుగుతున్నాను.

అది జరిగిన రోజు పొద్దున నేను జింగనూర్‌లో ఉన్నాను. బడిలో పిల్లల ముందు నిమ్మకాయ కోసి, నా చెయ్యి చూడండి అని చెబుతున్నాను. తిరిగి వస్తుంటే దారిలో ఫోనుకు సిగ్నల్ తగిలి సమ్మయ్య కాల్ వచ్చింది.

"అన్నా, సెట్టింగ్ మిగిలినా నీ రిమోటే నన్ను బతికిచ్చింది."

పైపు అతుకు దగ్గర నీళ్లు కారుతున్నాయని చూడ్డానికి వాడు ఒడ్డు దిగాడట. మోటారు వైరు రాపిడికి అరిగి ఇనుప పైపుకు కరెంటు వచ్చింది. చెయ్యి పైపుకు అతుక్కుపోయింది. రాజవ్వ పైన గట్టు మీద ఉంది. డబ్బా దాకా ఉరకడానికి మోకాళ్లు సహకరించవు. ఆమె కేక విని మల్లయ్య పరుగెత్తుకొచ్చేలోపే మోటారు ఆగింది, సమ్మయ్య చెయ్యి ఊడింది, బురదలో పడ్డాడు. అరచెయ్యి కాలింది గానీ ప్రాణం దక్కింది. అవ్వ రిమోట్ నొక్కితే ఆగిందని ఊరంతా అనుకుంటోంది.

బండి ఆపుకుని రోడ్డు పక్కన కాసేపు నిలబడిపోయాను.

వాళ్ల ఇంటికి పోకుండా ముందు పొలానికే పోయాను. అక్కడ ఎవరూ లేరు. ఎండ మండిపోతోంది. డబ్బా తెరిచాను. రిసీవర్ వైర్లు నేను చుట్టిన టేపుతో, నేను చుట్టినట్టే వేలాడుతున్నాయి. ఎర్ర బటన్ వైరును ఎవరూ తెంపలేదు. ఫ్యూజులు బాగున్నాయి. ఎక్కువ లోడు పడితే దానంతటది విడిచే మీట కూడా విడవలేదు. మోటారుకు పోయే వైర్లు ఊడదీసి పచ్చ బటన్ నొక్కాను. స్టార్టర్ టక్కున పట్టుకుంది, పట్టుకునే ఉంది. నా దగ్గరున్న రెండో రిమోట్‌ను ఆపడానికి నొక్కి చూశాను. దీపం మినుకుమంది, స్టార్టర్ కదల్లేదు.

కరెంటు పోయి ఉంటుందని కూడా అనుకున్నాను. కానీ అదే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న మల్లయ్య మోటారు ఆగలేదని తర్వాత ఆయనే చెప్పాడు. ఆయన సమ్మయ్యను ఒడ్డుకు ఈడుస్తున్నంతసేపూ ఆయన మడిలో నీళ్లు పడుతూనే ఉన్నాయట.

ఇంతలో గట్టు మీద మాటలు వినబడ్డాయి. నా బండి చూసి సమ్మయ్య, మల్లయ్య, ఇంకా కొందరు వస్తున్నారు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నానేమో. మెయిన్ ఆపాను. సంచిలోంచి రిలే తీశాను. ఎర్ర బటన్ వైరు తెంపి, రిలే గుండా తిప్పి, టేపు లాగేసి, స్క్రూలు బిగించాను. వాళ్లు గట్టు దాటి వచ్చేలోపు అయిపోయింది. ఇన్ని రోజులూ జరుపుతూ వచ్చిన పని అంతే. ఆనాడే చేసి ఉంటే పైపుకు కూడా టెస్టర్ పెట్టి చూసేవాణ్ణి, వాడి చెయ్యి కాలేది కాదు.

వాళ్లు వచ్చి నా భుజాల మీద కొత్త తువ్వాల కప్పారు. సమ్మయ్య కట్టు కట్టిన చేత్తోనే దండం పెట్టబోతే పట్టుకుని ఆపాను. ఆ తర్వాత ఆ ఊళ్లో నది ఒడ్డు మోటార్లన్నింటికీ నా రిమోట్‌లే కావాలన్నారు. బిగించాను కూడా. ప్రతి డబ్బా దగ్గరా ఎవరో ఒకరు పక్కవాళ్లకు ఆ కథ చెబుతుంటే తల వంచుకుని స్క్రూలు తిప్పాను.

బడుల కార్యక్రమాలకు రానని మిత్రుడికి ఏవేవో సాకులు చెప్పాను. చెయ్యి చూడండి అనడానికి ఇక నాకు నోరు రాదు.

చివరికి ఒక మధ్యాహ్నం, సమ్మయ్య ఇంట్లో లేనప్పుడు చూసి రాజవ్వ దగ్గరికి పోయాను. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. చాయ్ పెట్టమని కోడలికి చెప్పింది. నేను కూర్చోకుండానే అనేశాను.

"పెద్దమ్మా, ఆనాడు రిమోట్‌తోని మోటరు బంద్ కాలే. నేనసలు వైరే కలపలే."

ఆమె పని ఆపలేదు.

"నాకెర్కనే బిడ్డా. కొబ్బరికాయ గొట్టిననాడు అందరు నీళ్ల దిక్కు చూసిండ్రు. నేను డబ్బ దిక్కు చూసిన. ఆయన పోయినకాంచి ఆడికి పోతే నా కండ్లు దాని మీదనే ఉంటయి. నువ్వు ఏలుతోని ఒత్తుడు చూసిన."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడే ఎందుకు అడగలేదన్నాను.

"నలుగుట్ల నీ ఇజ్జత్ దీసుడెందుకని ఊకున్న. రేపో ఎల్లుండో వచ్చి చేస్తవనుకున్న."

తీసిన గింజలు పక్కకు నెట్టి ఆమే చెప్పింది.

"రిమోట్ కొంగుకే ఉండె. ఒత్తితే ఏమైతది, ముట్టనే లే. ఉరుకుదమంటే కాళ్లు రావాయె. పిలగాడు కండ్ల ముంగట వోతుండు. ఇగ పేరువెట్టి పిలిచిన."

ఎవరి పేరు అని అడగబోయి ఆగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆనాడు నా దుకాణంలో పెట్టుకున్నట్టే.

"కాపురం జేసిన్నాళ్లు ఎన్నడు పిల్వలే. డబ్బ దిక్కు చూసుకుంట గట్టిగ పిలిచిన. గంతే, బందయింది."

మరి అందరికీ రిమోట్ నొక్కానని ఎందుకు చెప్పావని అడిగాను.

"అసల్ది చెప్తే నిన్ను తంతురు. సమ్మయ్యకు కోపం జాస్తి. తాగు, చాయ్ సల్లారుతది."

తాగాను.

స్టార్టర్ ఒక్కోసారి దానంతటది విడుస్తుందిలే అని నాకు నేను నచ్చజెప్పుకుంటాను. అదే క్షణంలో ఎందుకు విడవాలి? నేను పరీక్షించినప్పుడు ఎందుకు విడవలేదు? ఆ వైర్లను వేలాడినట్టే ఉంచి ఉంటే నాకంటే తెలిసినవాళ్లు ఎవరైనా చూసి చెప్పేవారేమో. పరువు కోసం ఆ ఒక్క సాక్ష్యాన్నీ నా చేతులతోనే చెరిపేశాను. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు, చూపించడానికీ ఏమీ లేదు.

ఆ రోజు మోటారును ఆపిన చెయ్యి ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నాది మాత్రం కాదు. ఆ ఊరు మాత్రం నాదే అనుకుంటోంది.