పేరు తీసేసిన తిట్టుపాట

గద్దె దింపుదామని పాట కట్టి, అదే మనిషిని అదే పాటతో గద్దెనెక్కించిన ఘనుణ్ణి నేను. గద్దె అంటే మరీ పెద్దది ఊహించుకోకండి. మా చిలకలగూడ కార్పొరేటరుది. నా విప్లవం సైజే అంత.

మా గల్లీ నల్లాలోకి నీళ్లు చుట్టపుచూపుగా వచ్చేవి. అమ్మ రోజూ బిందె పట్టుకుని పక్క వీధికి పోయేది. ఎన్నికల ముందు మా కుర్రాళ్లు పెట్టిన పాటల సభకి కార్పొరేటరు నర్సింగన్నే ముఖ్య అతిథి. ఆయన మొహం మీదే పాడి, సిగ్గు తెప్పించి, నీళ్లు రప్పించాలని, రాకపోతే గద్దె దింపాలని నా పథకం. గల్లీ ఆడవాళ్లంతా కొండంత ఆశతో ముందు వరసలో కూర్చున్నారు.

"నల్లా తిప్పితే గాలొచ్చె, నర్సింగన్నొస్తే మాటొచ్చె,
బిందె అడిగింది నీళ్లేవని, దండ అడిగింది మెడేదని!"

బాగుంది కదా? నాకూ బాగానే ఉంది, నర్సింగన్న వెంట వచ్చినవాళ్ల భుజాలు చూసేదాకా.

"ఖాజా, పేరు తీసేద్దాం రా," అన్నాను, డోలక్ బిగిస్తున్న మా స్నేహితుడితో.

"ఏందిరా! పేరు తీస్తే ఇంకేం మిగుల్తది?"

"నా ఎముకలు."

'నర్సింగన్న' పోయి 'నాయకుడు' వచ్చాడు. పాడాను. నర్సింగన్న తొడ చరుచుకుని నవ్వి, వేదికెక్కి నన్ను వాటేసుకున్నాడు.

"శభాష్ తమ్మీ! నా మీద నిలబడ్డ యాదగిరిగాన్ని ఏం ఉతికినవ్! క్యాసెట్ చేయిద్దాం, పా!"

యాదగిరి అంతకుముందు కార్పొరేటరు. "మీ మీదేనండీ" అనాల్సిన నోరు "థాంక్సండీ" అంది. భుజాల మీద శాలువా పడ్డాక నాలుక లేవదు. మీకూ ఎప్పుడైనా పడితే తెలుస్తుంది.

రెజిమెంటల్ బజార్‌లో రికార్డింగు అయింది. క్యాసెట్‌ని యాదగిరి మనుషులూ ఎగబడి కొన్నారు. వాళ్ల లెక్కలో ఆ నాయకుడు నర్సింగన్న. పేరు లేని కుర్చీ కదా, ఎవరికి వాళ్లు ఎదుటివాణ్ణి కూర్చోబెట్టుకున్నారు.

ఓ పొద్దున మా గల్లీలోకి ఈ చివర నుంచి నర్సింగన్న ప్రచారం ఆటో, ఆ చివర నుంచి యాదగిరి ఆటో వచ్చాయి. రెండు మైకుల్లోనూ నేనే. మధ్యలో ముక్కూ ముక్కూ తగిలేలా ఆగాయి.

"మీ లీడర్‌ని తిట్టే పాట మీరే ఏసుకుంటున్నరేందీ, సిగ్గులేకుండ!" అన్నాడు నర్సింగన్న డ్రైవరు.

"అరె, మీవోని మీద రాసిందే భాయ్! రివర్స్ తీయ్!" అన్నాడు యాదగిరి డ్రైవరు.

ఇద్దరూ తియ్యలేదు. ఆటోల వెనక ఖాళీ బిందెతో చిక్కుబడిపోయిన అమ్మ, అరుగు మీదున్న నన్ను చూసింది.

"ఒరేయ్, అసలిది ఎవరి మీద రాశావురా?"

"ఇద్దరి మీదా అనుకో అమ్మా."

"కాదురా. నీళ్లకి పోయే దారి మూసేశావు. నామీద రాశావు."

నర్సింగన్న గెలిచాడు. ఊరేగింపులో నా పాటే. నల్లాలో గాలే.

అందుచేత పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరినైనా ఎగతాళి చేస్తూ పాట రాస్తే, ఆ మనిషి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా రాస్తాను. అంత ధైర్యం వచ్చేదాకా జోలపాటలే రాసుకుంటాను. ఇప్పటికి మా ఇంట్లో రెండు తరాల పిల్లలు నిద్రపోయారు.