సున్నం వెయ్యని గోడలు

మా వైపు పిల్లలకు ఏం చదవాలా అని తల పట్టుకునే బాధ ఉండేది కాదు. మందుల కంపెనీల పాశమైలారం పక్కన పుట్టినవాళ్ళ నుదుట కెమిస్ట్రీ రాసిపెట్టి ఉండేది. ఇంటర్ ఎట్లా గట్టెక్కినా సరే, తర్వాత బీఎస్సీ, ఆ తర్వాత ఏదో ఒక మందుల కంపెనీ ల్యాబులో తెల్లకోటు. కాలేజీ కూడా కంపెనీ బస్సు తిరిగే దారిలోనే ఉండాలి. షిఫ్టు వాళ్ళను దించి ఖాళీగా పోయే బస్సుల్లో డ్రైవర్లు మమ్మల్ని ఎక్కించుకునేవారు. అందుకని బస్సు ఆగే చోట ఉన్నది మంచి కాలేజీ, ఆగని చోట ఉన్నది పనికిరాని కాలేజీ. లోపల చదువు ఎట్లా ఉందని అడిగిన పెద్దమనిషి మా ఊళ్ళో ఒక్కడూ లేడు.

నేనూ ఆ బస్సే ఎక్కాను, ఆ కెమిస్ట్రీనే చదివాను. తొంభైల చివర్లో డిగ్రీ అయిపోయింది. నాయిన పనిచేసే కంపెనీ మేనేజరు నన్ను ల్యాబులో తీసుకుంటానని మాట ఇచ్చాడు. నాయిన ఆ మాటను మిఠాయి పొట్లం తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. నేను చేరనన్నాను. ఎం.ఏ. చదువుతాను, అంతర్జాతీయ సంబంధాలు చదువుతాను అన్నాను.

“గదేం సదువు?” అన్నాడు నాయిన.

“ఏ దేశం ఏ దేశంతోటి ఎట్ల నడుసుకుంటదో చెప్పే సదువు.”

“దేశాల ముచ్చట నీకెందుకు బిడ్డా?”

ఎందుకో నాకు బాగా తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు.

మా ఊళ్ళో చదువురాని ముసలమ్మకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుండేది, ఆడిట్. అంటే లెక్కలు చూడటం కాదు, మందు కొనే విదేశాల వాళ్ళు కంపెనీని చూడ్డానికి రావడం. వారం ముందు నుంచే హడావుడి మొదలయ్యేది. గోడలన్నిటికీ సున్నం వేసేవారు. నర్సరీ నుంచి కిరాయి పూలకుండీలు ట్రాక్టర్ మీద వచ్చేవి, పని అయిపోగానే అదే ట్రాక్టర్ మీద తిరిగి పోయేవి. తుప్పు పట్టిన డ్రమ్ములను వెనక ప్లాటులోకి దొర్లించేవారు. ఎప్పుడూ లేనిది అందరికీ కొత్త మాస్కులు ఇచ్చి, దగ్గు ఉన్నవాళ్ళకు సెలవు ఇచ్చేవారు. మందులు ఉడికే రియాక్టర్ దగ్గర ఆపరేటరుగా ఉన్న మా నాయినను మాత్రం తప్పకుండా ముందు వరసలో నిలబెట్టేవారు. మనిషి పొడుగ్గా, చూడ్డానికి నిండుగా ఉంటాడు, నోరు విప్పడు. ఆడిట్‌కు అంతకంటే ఏం కావాలి?

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆడిట్ రోజు బడి నుంచి వస్తుంటే, వాగు మీద కల్వర్టు దగ్గర ఆ వచ్చినవాళ్ళ కారు ఆగింది. బర్లమంద అడ్డం వచ్చింది. మా వాగు అప్పటికే కంపెనీల మురుగుతో పూటకో రంగులో పారేది, దాహం వేసినా బర్లు అటు తల తిప్పేవి కావు. కారులో తెల్లాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వాగును చూశాడు. తర్వాత సంచి తగిలించుకుని నిలబడ్డ నన్ను చూశాడు. అద్దం పైకి లేపుకున్నాడు. మంద కదలగానే కారు పోయింది.

ఇంటికొచ్చాక నాయినను అడిగాను. “వాళ్ళు వాగు సూసిండ్రు. నేను సూసిన. ఏమన్నరు నాయినా?”

“వాగు ఆడిట్ల ఉండది బిడ్డా. గేటు లోపటిదే సూస్తరు.”

“మరి గేటు బయటది ఎవరు సూస్తరు?”

నాయిన అన్నం కలుపుకున్నాడు. నేను ఊరుకునే రకం కాదు. “వాళ్ళొచ్చి మనది సూస్తున్నరు గద, మనం పోయి వాళ్ళది ఎప్పుడు సూస్తం?” అన్నాను.

“మనమెందుకు పోతం? వాళ్ళు కొనెటోళ్ళు” అని చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆ రోజు నుంచీ నాకు ఒకటే కోపం. మందు వాళ్ళకు, మురుగు మాకు అని పంచినవాళ్ళు ఎవరు? వాళ్ళు ఏ గదిలో కూర్చుని పంచారు? ఆ గదిలో మా ఊరి తరఫున మాట్లాడిందెవరు? దీనికి కెమిస్ట్రీ పుస్తకంలో జవాబు లేదు. వాగులో ఏం కలిసిందో అది చెప్తుంది గానీ, కలపడానికి ఒప్పుకున్నదెవరో చెప్పదు.

అందుకు వేరే చదువుందని చెప్పింది సర్కారు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే కోస్తా ఆంటీ. మా ఇంటి పాలు వాళ్ళింటికి పోయేవి. పాలు పోసి, వాళ్ళ ఇంగ్లీషు పేపరు ముందేసుకుని, ఎవరో ఒకరిని తిట్టుకుంటూ చదివేదాన్ని. ఒకరోజు ఆంటీ నవ్వి, “ఇంత కోపం పెట్టుకుని టెస్టుట్యూబులు ఊపుతావేంటే అమ్మాయ్! ఢిల్లీ వెళ్ళి అంతర్జాతీయ సంబంధాలు చదువుకోరాదూ?” అంది. ప్రవేశ పరీక్ష రాశాను. సీటు వచ్చింది.

ఇంట్లో లొల్లి మొదలైంది. మా పెదనాయిన అరుగు మీద కూర్చుని నలుగురూ వినేటట్టు అందుకున్నాడు. “ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ. మేనేజర్ పిల్సి నౌకరి ఇస్తనంటే కాళ్ళతోటి తంతదా? గీ పోరి ఢిల్లీకి పోయి దేశాలు దిద్దుతదా?”

“దిద్దేటోళ్ళు ఎవరన్న ఉంటే నేనెందుకు పోత పెదనాయినా, ఇంట్ల కూసుందును” అన్నాను. పెదనాయినకు అంత కోపం రావడం నేను మళ్ళీ చూడలేదు.

అమ్మ మాత్రం బట్టలు పిండుతూ, “పోనియ్యుండ్రి. ఆ కంపెనీ వాసన ఎంత ఉతికినా పోదు. నా ఇంట్ల ఒక్కరి బట్టలు సాలు” అంది. అమ్మ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టుకున్నాను.

ఇంతలో మేనేజరే ఒక మధ్యేమార్గం చెప్పి పంపాడు. అమీర్‌పేటలో ఎవరో కొత్తగా ఒక ఇన్‌స్టిట్యూట్ తెరిచారట, అంతర్జాతీయ వ్యవహారాల్లో డిప్లొమా ఇస్తారట. పగలు ల్యాబులో పని, సాయంత్రం చదువు. పేరు పెద్దది, దూరం చిన్నది. నాయిన ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అది ఉచ్చులా కనిపించింది. నన్ను ఢిల్లీ పంపకపోవడానికి అందరూ చెప్పే కారణాలన్నీ ఆ ఒక్క ఇన్‌స్టిట్యూట్‌లో ఇమిడిపోయాయి.

“రెండు సూద్దాం. సూసి నేను చెప్త” అన్నాడు నాయిన. ఏం చూస్తావు, ఎట్లా చూస్తావు అంటే, “ఇన్నేండ్ల సంది ఆడిట్ల నిలబడ్డ. నాకెర్కలేదా?” అన్నాడు.

నిజంగానే ఆడిట్ చేశాడు. అమీర్‌పేటలో అద్దాల తలుపు తోసుకుని పోగానే చల్లటి గాలి, గుమ్మడికాయంత భూగోళం. నాయిన గోడ మీద చెయ్యి రాసి రంగు అంటుతుందేమో చూశాడు. నేల చూశాడు. మరుగుదొడ్డి చూసి వచ్చి తల ఊపాడు. నేను లైబ్రరీ చూపించమన్నాను. ఒక అద్దాల బీరువా చూపించారు. తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న సారు ఆ రోజు రాలేదు. దేశాల మధ్య ఒప్పందాల గురించి ఎవరు చెప్తారండీ అని అడిగితే, టై కట్టుకున్నాయన, “మంచి చీర కట్టుకోవడం, మర్యాదగా మాట్లాడటం కూడా నేర్పిస్తామమ్మా” అన్నాడు. పైన పటారం, లోన లొటారం. బయటికి రాగానే నాయిన, “పాస్” అన్నాడు.

చేరడానికి వాళ్ళు ఇచ్చిన తేదీకి ఢిల్లీకి జనరల్ డబ్బాలో పోయాం. ఆ విశ్వవిద్యాలయం గేటు దాటగానే నాయిన మొహం మాడిపోయింది. గోడలకు సున్నం లేదు. ఉన్న గోడంతా రాతలు, బొమ్మలు, చిరిగిన పోస్టర్లు. మెట్ల మీద కుక్కలు పడుకుని ఉన్నాయి, వాటి పక్కనే టీ గ్లాసులు. నాయిన దొడ్డి చూడ్డానికి పోయి, పోయినంత వేగంగా బయటికొచ్చాడు.

నేను లైబ్రరీలోకి పోయాను. ఒక దేశం చెత్త ఇంకో దేశానికి పోవడం గురించి ఒక బీరువాలో సగం దాకా పుస్తకాలే. తాళం లేదు. నిలబడే ఒకటి తెరిచి చదివాను. మా వాగు గురించి కాదు, ఎక్కడో ఆఫ్రికాలో ఒక ఊరి గురించి. ఆ ఊరివాళ్ళు అడిగినవి కూడా నేను అన్నం ముందు అడిగిన మాటలే. నా ప్రశ్న పిచ్చి ప్రశ్న కాదని చెప్పిన మొదటి పుస్తకం అది. ఏడుపొచ్చింది. ఇక నన్ను ఇక్కణ్ణుంచి ఎవరు కదిలిస్తారో చూస్తాను అనుకున్నాను.

బయటికొచ్చేసరికి నాయిన ఒక చెట్టు కింద నిలబడి అటే చూస్తున్నాడు. మెట్ల మీద నా ఈడు అమ్మాయి ఒకతి ఒక పెద్దాయనతో గట్టిగా వాదిస్తోంది. ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు.

“ఆయన ఎవరు బిడ్డా?”

“సారు అనుకుంట.”

“ఆ పిల్ల?”

“సదువుకునే పిల్ల.”

“సారుతోటి గట్ల మాట్లాడుతదా! ఏమనడా?” నాయిన కాసేపు చూసి, తల విదిలించి తీర్పు చెప్పాడు. “ఫెయిల్ బిడ్డా. మనం గీ తారీకుకు వస్తమని వీళ్ళకు ముందే తెల్సు. అయినా ఊడ్వలే, సున్నం ఎయ్యలే. మనమంటే లెక్కలేదు.”

“మనం వస్తమని తెల్సి గూడ దాసిపెట్టలే నాయినా. ఎట్లున్నదో గట్లనే ఉంచిండ్రు. సున్నం ఎందుకేస్తరో నాకంటే నీకే ఎక్కువ ఎర్క.”

నాయిన గోడ మీది రాతల వైపు తిరిగాడు.

“నేను ఈడనే చేర్త” అన్నాను.

“మేనేజర్‌కు ఏం చెప్పాలె?”

“రాదట అని చెప్పు.”

“నేను వద్దంటే?”

నాయినకు ఎదురు చెప్పడం నాకు కొత్త కాదు గానీ, అదంతా అన్నం ముందు, అరుగు ముందు. ఇట్లా కళ్ళలోకి చూసి ఎప్పుడూ చెప్పలేదు. తల దించలేదు.

“వద్దన్నా చేర్త నాయినా.”

అరుస్తాడనుకున్నాను. సంచి అందుకుని స్టేషన్ దారి పడతాడనుకున్నాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను, మాటలు కూడా తయారుగా పెట్టుకున్నాను. నాయిన మళ్ళీ ఆ మెట్ల వైపు చూశాడు. ఆ అమ్మాయి ఇంకా వాదిస్తూనే ఉంది.

“నేను ఒక్కనాడన్న ఎవరికి వద్దు అనలే” అన్నాడు. “అనొచ్చని గూడ తెల్వది నాకు.”

తయారుగా పెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండిపోయింది. ఇంత నిలువెత్తు మనిషికి ఆ మాట తెలియకుండా చేసినవాళ్ళందరి మీదా కోపం వచ్చింది. ఆ కోపంతోనే లోపలికి పోయి చేరాను. నేను తిరిగొచ్చేదాకా నాయిన ఆ చెట్టు కిందే ఉన్నాడు.

సాయంత్రం రైలులో కిటికీ పక్కన కూర్చున్నాక, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ నన్ను పిలిచాడు.

“మేనేజర్‌కు రాదట అని చెప్పను” అన్నాడు. “నేనే పంపనని చెప్త.”