నాయన కూత

మా నాయనకు చెడుగుడు ఆటలో ఉన్న పేరు ఇంక దేంట్లోనూ లేదు. కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కూతకు వస్తున్నాడంటే అవతలి జట్టు ముందే జాగ్రత్తపడేది. ఒక్క దమ్ములో వెళ్లి ఇద్దరిని తాకి, మీద పడ్డవాళ్లను ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేవాడు. గొప్పకు చెప్పడం లేదు. ఓడిపోయినవాళ్లే మా వాకిట్లో కూర్చొని చాయ్ తాగుతూ చెప్పేవాళ్లు.

ఆటతో కడుపు నిండదు కదా. పల్లీ పంట ఇంటికి రాగానే గుంపు మేస్త్రీ వెంట పనికి పోయేవాడు. కాలువలు, కట్టలు, చివరికి కొండలు తొలిచే సొరంగాలు. నెలల తర్వాత తిరిగొచ్చిన రోజు మామూలుగా ఇంట్లోకి వచ్చేవాడు కాదు. సంచి వాకిట్లో పడేసి "చెడుగుడు చెడుగుడు" అంటూ గడప దాటేవాడు. నేను దూకి ఆయన కాలిని మడమ పైన రెండు చేతులతో పట్టుకోవాలి. ఆడపిల్లకు ఈ ఆటలేందని అమ్మ తిట్టేది. ఆయన పట్టించుకోకుండా పట్టు ఎలా బిగించాలో నేర్పేవాడు. ఒక్క మాట మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

"కూత ఆగంగనే ఇడిసిపెట్టాలె బిడ్డా. దమ్ము పోయినోన్ని పట్టుకొని ఉండుడు ఆట గాదు."

ఆ సొరంగాల దుమ్మే ఆయనను తినేసింది. మొదట టీబీ అనుకొని మందులు మింగాడు. తర్వాత పెద్ద దవాఖానలో ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుందని, అది ఇక పోయేది కాదని చెప్పారు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. నాయన పీలిస్తే ఒక్కటే కాస్త కదిలి కింద పడేది. నాలుగు రోజులు చూసి దాన్ని బియ్యం బస్తా వెనక పడేశాడు. నేను అప్పటికి అత్తగారింటి నుంచి వచ్చి ఆయన దగ్గరే ఉంటున్నాను. నా నోరు మంచిది కాదు. ఏడుపొస్తే ఏడవకుండా ఆయనతో పోట్లాడేదాన్ని.

ఉగాది మర్నాడు పెళ్లయినవాళ్లు ఒక జట్టు, కానివాళ్లు ఒక జట్టుగా చెడుగుడు ఆడటం మా ఊరి ఆనవాయితీ. నిరుడు ఆ పొద్దున నాయన లుంగీ ఎగగట్టి కూర్చున్నాడు. అమ్మ బతిమాలింది. నేను అరిచాను. ఒక్క కూత, అంతే అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకొని ఆట జరిగే చెల్క చేను దాకా తీసుకుపోయింది నేనే.

పల్లీ పీకిన చెల్కలో సున్నంతో గీతలు గీశారు. నాయన మట్టి ముట్టి కళ్లకద్దుకొని గీత దాటాడు. కూత బాగానే మొదలైంది. నాలుగడుగులు పోయాడో లేదో తెగిపోయింది. వంగి దగ్గుతూ అక్కడే నిలబడ్డాడు. కూత తెగినవాణ్ని అవతలివాళ్లు తాకితేనే ఔట్. ఆ పిల్లల్లో ఒక్కడూ ఆయనను తాకలేదు. అందరూ వెనక్కి జరిగారు. ఒకడైతే, కూత ఇంకా ఉంది కాకా, వెనక్కి గీత దాటిపో అన్నాడు. జాలితోనే అన్నాడు పాపం. కానీ నాయన ముఖం నల్లబడింది. అంత అవమానం ఆయనకు ఎన్నడూ జరగలేదు.

"కూత తెగింది. పట్టుండ్రిరా. నేనింకా బతికే ఉన్న."

ఎవరూ కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. చెప్పులు విడిచి గీత దాటి లోపలికి పోయాను. ఆడది ఆ బరిలో అడుగుపెట్టడం ఊరు ఎన్నడూ చూడలేదు. చూస్తే చూడనీ అనుకున్నాను. వంగి ఆయన కాలు మడమ పైన రెండు చేతులతో పట్టుకున్నాను. చిన్నప్పుడు నా రెండు చేతులూ చుట్టూ చాలని కాలు, ఇప్పుడు ఒక్క గుప్పిట్లో పడుతోంది.

"గిప్పుడు ఔట్," అన్నాడు నాయన.

వెంటనే వదిలేశాను. ఆయన మెల్లగా నడిచి వెళ్లి, ఔటైనవాళ్లు కూర్చునే చోట కూర్చొని ఆట అయ్యేదాకా చూశాడు. ఆ సాయంత్రం రెండు రొట్టెలు తిన్నాడు.

వానలు పడ్డాక ఇక మంచం దిగలేదు. ఒకరోజు పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను ఆయన కాళ్లు ఒత్తుతున్నాను. ఊపిరి ఒక్కొక్కటే దూరం దూరంగా వస్తోంది. ఒకటి వచ్చింది. తర్వాతిది రాలేదు. అమ్మను పిలవాలని కూడా తోచలేదు.

దమ్ము పోయినవాణ్ని పట్టుకొని ఉండకూడదని తెలుసు. నేర్పింది ఆయనే. అయినా నా చేతులు ఆయన మడమ వదల్లేదు. చివరికి మా మేనత్త వచ్చి, నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.